ప్రమాదం తర్వాత వీల్‌చైర్, కృత్రిమ కాలు, ఇంటి మార్పులు: ఏ సాయం ఏ దశలో అడగాలి

తెలంగాణలో విజయవాడ హైవే పక్కన చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట. బెంగళూరు హైవే పక్కన షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట. ఈ రెండు రోడ్ల వెంట ప్రమాదాల్లో నడుము విరిగినవాళ్ళు, కాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. రోడ్డుకు దూరంగా ఉన్న ఊళ్ళలోనూ ఉన్నారు. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడు, పుణెలో సెంట్రింగ్ పని చేస్తూ జారిపడి ఇంటికి చేరిన పాలమూరు కూలీ, బోరు మోటారు దగ్గర షాక్ కొట్టి చేయి తీసేయించుకున్న రైతు.

ఆసుపత్రి ఖర్చు ఎక్కడి నుంచి తేవాలో మన జనానికి కొంతవరకు తెలుసు. ఆరోగ్యశ్రీ, సీఎం సహాయ నిధి, చివరికి భూమి మీద అప్పు. అసలు ఇబ్బంది డిశ్చార్జ్ అయిన రోజు మొదలవుతుంది. మనిషిని ఆటోలోంచి ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. వీల్‌చైర్ లేదు, గాలి పరుపు లేదు, బాత్‌రూంకి మూడు మెట్లు. ఒకరు క్యాంపుకు పొమ్మంటారు, ఇంకొకరు ఎమ్మెల్యేను కలవమంటారు, మరొకరు ఫోన్‌లో విరాళాలు అడగమంటారు, వకీలు కేసు వేద్దామంటాడు. అన్నీ మంచి సలహాలే, కానీ అన్నీ ఒకే సమయంలో పనికిరావు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రతి సాయానికీ ఒక దశ ఉంది. దాతల డబ్బు త్వరగా వస్తుంది కానీ కొంచెమే వస్తుంది. సర్కారు సామాను ఆలస్యంగా వస్తుంది కానీ గట్టిగా అడిగితే ఇవ్వక తప్పదు. పరిహారం అందరికంటే చివర వస్తుంది, పెద్ద మొత్తంలో వస్తుంది. ఏది దేనికి వాడాలో ముందే అనుకుంటే ఒకదాని కోసం ఇంకొకటి పోగొట్టుకోకుండా ఉంటారు.

## ఏ సాయాన్నైనా ఎలా తూచాలి

ఎప్పుడు అందుతుంది. వెన్నుపూస దెబ్బతిని కాళ్ళలో స్పర్శ పోయిన మనిషికి మొదటి కొన్ని నెలలు చాలా ప్రమాదకరం. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పిరుదుల మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఆ పుండు ఎముకదాకా పోతే మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ అప్పు. ఈ నెలల్లో కావాల్సింది గాలి పరుపు, కుషన్, కమోడ్ కుర్చీ, మూత్రం పైపులు. ఆరు నెలల తర్వాత వచ్చే బ్యాటరీ బండి ఈ పుండును ఆపలేదు.

మనిషికి సరిపోతుందా. చెప్పు పాదానికి సరిపోవాలన్నట్టే వీల్‌చైర్ కూడా మనిషి కొలతకు ఉండాలి. సీటు మరీ వెడల్పైతే మనిషి ఒక పక్కకు ఒరిగి వెన్ను వంకరపోతుంది. ఇరుకైతే తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు కొలిచి, దానికి ఒక అంగుళం కలిపితే సీటు వెడల్పు వస్తుంది. ఉచితంగా ఇస్తున్నారని కొలత చూడకుండా తీసుకోకండి.

పాడైతే ఎవరు బాగు చేస్తారు. మామూలు చక్రాల బండికి పంక్చరైతే మన ఊరి సైకిల్ షాపులో అయిపోతుంది. బ్యాటరీ బండి కంట్రోలర్ కాలిపోతే హైదరాబాద్ పోవాలి. దేవరకొండ అవతలి తండాలో ఉండేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇది తీసుకుంటే ఇంకొకటి పోతుందా. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. కేంద్ర పథకంలో (కింద చెప్పే అడిప్) ఒక పరికరం తీసుకుంటే అదే అవసరానికి మూడేళ్ళదాకా మళ్ళీ ఇవ్వరు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు మాత్రం ఏడాదికే అర్హత వస్తుంది. సరిపోని బండి ఒకటి తెచ్చుకుని మూలన పెడితే, మూడేళ్ళు ఆ తలుపు మూసుకున్నట్టే.

ఇంటి మార్పులకు వాడుకోవచ్చా. చాలా సాయాలు వస్తువు రూపంలోనే ఉంటాయి. ర్యాంపుకు, బాత్‌రూంకు, తలుపు వెడల్పు చేయడానికి కావాల్సింది మాత్రం డబ్బు.

## అలింకో క్యాంపు, అంటే కేంద్రం అడిప్ పథకం

కాన్పూర్‌లోని అలింకో కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1972లో ఏర్పడింది. ట్రైసైకిళ్ళు, వీల్‌చైర్లు, కాలిపర్లు (బలం లేని కాలికి ఆసరాగా బిగించేవి), చంక కర్రలు, వినికిడి యంత్రాలు తయారు చేస్తోంది. అడిప్ పథకం కింద వీటిని జిల్లా క్యాంపుల్లో ఇస్తారు. మొదటి క్యాంపులో కొలతలు తీసుకుని పేరు రాసుకుంటారు, వస్తువు ఇచ్చేది తర్వాతి క్యాంపులో. మధ్యలో నెలలు పడుతుంది.

అర్హత: 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు పత్రం. నెల ఆదాయం 22,500 రూపాయల లోపు అయితే పూర్తిగా ఉచితం. 30,000 దాకా అయితే సగం ధర మనం కట్టాలి. బ్యాటరీ ట్రైసైకిల్‌కు నియమాలు గట్టివి. 80 శాతం వైకల్యం ఉండాలి, వయసు 16 దాటాలి.

బలం ఏమిటంటే సామాను గట్టిది, పల్లె రోడ్లకు తట్టుకుంటుంది. బలహీనత ఏమిటంటే వీల్‌చైర్లలో ఎక్కువగా వచ్చేది మడతపెట్టే మామూలు రకం. కాసేపు కూర్చుని లేచేవాళ్ళకు అది సరిపోతుంది. పొద్దుట నుంచి రాత్రిదాకా అందులోనే ఉండే వెన్నుపూస రోగికి దాని మీద మంచి కుషన్ లేకపోతే ప్రమాదమే. కొలతలు తీసే రోజున మనిషిని తప్పనిసరిగా వెంట తీసుకుపోండి. అన్న కొలతలు తమ్ముడు చెబితే కుదరదు. కుషన్ కావాలని అక్కడే అడిగి రాయించండి.

## రాష్ట్ర శాఖ, ఎమ్మెల్యే, ఎంపీ

జిల్లాలో మహిళా, శిశు, వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయం కలెక్టరేట్ పరిధిలో ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థ ఉంది. పక్కచక్రాలు బిగించిన స్కూటీలు, బ్యాటరీ వీల్‌చైర్లు, ట్రైసైకిళ్ళు ఈ దారిలో వస్తాయి. నోటిఫికేషన్ పడినప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. చదువుకునేవాళ్ళకు, పని చేసుకునేవాళ్ళకు మొదటి వరుస.

ఎంపీ నిధులను వికలాంగుల పరికరాలకు వాడుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఎమ్మెల్యే ఆఫీసులో అర్జీ పెట్టడంలో తప్పు లేదు, కానీ ఒక్క అర్జీ మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది. ఆ నంబరు ఉంటే మళ్ళీ వెళ్ళి అడిగే హక్కు ఉంటుంది. నా అభిప్రాయంలో నాయకుడి దగ్గరకు వెళ్ళేముందే ఆ నంబరు చేతిలో ఉండాలి.

పింఛను గురించి ఒక్క మాట. వికలాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. చిన్నదే అయినా మూత్రం పైపులు, డైపర్లు, ఫిజియోథెరపీకి ఆటో కిరాయి లాంటి ప్రతి నెలా వచ్చే ఖర్చును ఏ దాతా మోయడు. పింఛనును ఆ ఖర్చు కోసమే పక్కన పెట్టుకోండి.

అలింకో క్యాంపుకూ, రాష్ట్ర శాఖకూ తాళంచెవి వైకల్య పత్రమే. ఇదివరకు సదరం క్యాంపు అనేవాళ్ళం. 2025 నుంచి తెలంగాణలోనూ యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) విధానం వచ్చింది. మీసేవలో గానీ పోర్టల్‌లో గానీ దరఖాస్తు చేసి, చెప్పిన రోజున ఆసుపత్రిలో వైద్యుల ముందుకు వెళ్ళాలి. గాయం కుదుటపడ్డాకే శాశ్వత పత్రం ఇస్తారు, ఈలోపు తాత్కాలిక పత్రం తీసుకోవచ్చు. ప్రమాదానికీ పత్రానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ కాలంలోనే దాతల సాయం ప్రాణం నిలబెడుతుంది.

## స్వచ్ఛంద సంస్థలు, క్లబ్బులు

కాలు పోయినవాళ్ళకు మొదట చెప్పాల్సిన పేరు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి. 1975లో జైపూర్‌లో మొదలైంది, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. జైపూర్ కాలు ఉచితంగా ఇస్తారు. కొలత తీసి మామూలుగా అదే రోజున బిగించి పంపడం వాళ్ళ పద్ధతి. బూటు లేకుండా వట్టి పాదంతో నడవచ్చు, తడిసినా పర్వాలేదు, కింద గొంతుక్కూర్చోవచ్చు. పొలంలో దిగే మనిషికి, ఇంట్లో చెప్పులు విడిచే మన అలవాటుకు ఇది బాగా కుదురుతుంది. కాకపోతే తీసేసిన చోట గాయం పూర్తిగా మాని, వాపు తగ్గాకే పోవాలి. ముందే వెళితే కాలు నెలలోనే వదులైపోతుంది. ఏ కాలైనా కొన్నేళ్ళకు మార్చాల్సిందే, కాబట్టి మళ్ళీ వెళ్ళే దారి గుర్తుంచుకోండి.

ఉదయ్‌పూర్‌లోని నారాయణ్ సేవా సంస్థాన్ కూడా కృత్రిమ అవయవాల క్యాంపులు పెడుతుంది. చేయి పోయినవాళ్ళకు రోటరీ క్లబ్బులు ఎల్‌ఎన్-4 అనే ప్లాస్టిక్ చేయి ఉచితంగా ఇస్తున్నాయి. మోచేతి కింద కొంత భాగం మిగిలి ఉంటేనే అది బిగుస్తుంది. పెన్ను పట్టుకోవడం, స్పూన్‌తో తినడం, బండి హ్యాండిల్ పట్టుకోవడం సాధ్యమవుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో రోటరీ, లయన్స్ సభ్యులు మెడికల్ షాపులవాళ్ళో, డాక్టర్లో, రైస్ మిల్లు యజమానులో అయి ఉంటారు. వాళ్ళను క్యాంపు దాకా ఆగకుండా నేరుగా కలవచ్చు.

ఈ క్లబ్బులను పెద్ద బండి అడగడం కంటే చిన్నవి అడగడం మంచిది. గాలి పరుపు, కమోడ్ కుర్చీ, వాకర్. ఇవి కొన్ని వేల రూపాయల్లో వస్తాయి, అందుకని మీటింగ్‌లో ఒక్క మాటతో ఒప్పుకుంటారు. సర్కారు పథకంలో ఇవి వచ్చేసరికి వాటి అవసరం దాటిపోతుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల మీద కూడా ఆశ ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి. చౌటుప్పల్, జడ్చర్ల, కొత్తూరు వైపు ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. అయితే కంపెనీ ఒక్క మనిషికి చెక్కు రాసివ్వడం అరుదు. కలెక్టర్ ద్వారానో సంస్థ ద్వారానో గుంపుగా ఇస్తుంది. మండలంలో ఇదే అవసరం ఉన్న పదిమందిని కలిపి జాబితా తయారు చేస్తే పని జరుగుతుంది, ఒక్కడే తిరిగితే కాళ్ళరిగిపోవడమే. వికలాంగుల సంఘం నాయకులను ముందు పెట్టాల్సింది ఇక్కడే.

## ఊరి చందాలు, ఫోన్‌లో విరాళాలు

పదో తరగతి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు, యువజన సంఘం, కులసంఘం, మసీదు కమిటీ, చర్చి. మన దగ్గర వారంలో డబ్బు చేతికొచ్చే దారి ఇదొక్కటే. రంజాన్ నెలలో జకాత్ ఇచ్చేవాళ్ళు పేదలైన ముస్లిం కుటుంబాల కోసం వెతుకుతుంటారు, ఆ సమయంలో మసీదు పెద్దలకు ముందే చెప్పి ఉంచండి.

ఈ డబ్బుకు ఉన్న గొప్ప గుణం, దేనికైనా వాడుకోవచ్చు. అందుకే దీన్ని మందుల షాపు బాకీలకు కరిగించకుండా ఇంటి మార్పులకు దాచమని గట్టిగా చెబుతాను. బాత్‌రూం డబ్బు ఇంకే దాతా ఇవ్వడు.

ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే మిలాప్, కెట్టో లాంటి వేదికల్లో అడగడం వేరే సంగతి. అక్కడ ఐసీయూలో ఉన్న బిడ్డకు డబ్బు వచ్చినంత వేగంగా ఇంటికొచ్చిన మనిషి వీల్‌చైర్‌కు రాదు. ఎంతమందికి మీరు పంపగలరో అంతే వస్తుంది. హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో తెలిసినవాళ్ళు ఉన్న కుటుంబానికి పనికొస్తుంది. చార్జీలు ఎంత పట్టుకుంటారో ముందే అడగండి. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత దేనికి ఖర్చయిందో బిల్లులతో గ్రూపులో పెట్టండి. రెండోసారి అడగాల్సి వస్తే ఆ లెక్కే మీ మాటకు బలం.

## దానం కాదు, హక్కుగా రావాల్సిన డబ్బు

దాతల దగ్గర చేయి చాపేముందు ఈ భాగం చదవండి. చాలా కుటుంబాలు వెయ్యి రూపాయల చందా కోసం తిరుగుతూ లక్షల్లో రావాల్సింది వదిలేస్తున్నాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలని చట్టం చెబుతోంది, కాబట్టి ఆగకండి. ప్రమాదం ముంబైలో జరిగినా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక వలస కుటుంబాలు అసలు కేసే వేయడం లేదు. పరిహారంలో ఆసుపత్రి బిల్లు, పోయిన సంపాదనతో పాటు చూసుకునే మనిషి ఖర్చు, కృత్రిమ కాలు మార్చే ఖర్చు కూడా అడగవచ్చు. అందుకే వీల్‌చైర్, పరుపు, కమోడ్ కుర్చీ, ర్యాంపు ప్రతి ఒక్కదానికీ బిల్లు తీసుకోండి. మేస్త్రీ కూలీకి కూడా కాగితం మీద సంతకం పెట్టించుకోండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే ప్రత్యేక పథకం ఉంది.

లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే తొందరపడవద్దు. అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. ముప్పై ఏళ్ళ మనిషికి కృత్రిమ కాలు జీవితంలో ఎన్నిసార్లు మార్చాలో లెక్క వేసి, అప్పుడు సరే అనండి. వకీలు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, వికలాంగులకు అది చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

పనిలో ప్రమాదమైతే ముందు ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉందో లేదో చూడండి. ఉంటే వైద్యం, నెలనెలా వైకల్య భత్యం, కృత్రిమ అవయవాలు అక్కడే. ఈఎస్‌ఐ లేని కూలీకి కార్మిక శాఖ ద్వారా పరిహారం అడిగే దారి ఉంది. మధ్యలో ఉన్న గుంపు మేస్త్రీ తప్పించుకున్నా, అసలు పని చేయించుకున్న యజమానిని అడగవచ్చు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే సంక్షేమ మండలికి విడిగా దరఖాస్తు పెట్టండి.

గీత కార్మికులకు చెట్టు మీది నుంచి పడి శాశ్వత వైకల్యం వస్తే ఎక్సైజ్ శాఖ ద్వారా 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. పడిన వెంటనే ఎక్సైజ్ అధికారులకు, సంఘానికి చెప్పి పంచనామా రాయించాలి. ఆలస్యమైతే చెట్టు మీది నుంచే పడ్డాడని రుజువు చేయడం కష్టం.

బ్యాంకు ఖాతా చూసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతుంటే, రెండు కాళ్ళు గానీ రెండు చేతులు గానీ పనికిరాకుండా పోతే 2 లక్షలు, ఒక కాలో ఒక చేయో పోతే లక్ష వస్తుంది. ఖాతాదారుడికే ఆ 20 రూపాయల సంగతి గుర్తుండదు. పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూడండి. రైతు బీమా మాత్రం మరణానికే, వైకల్యానికి రాదు. ఆ ఆఫీసు చుట్టూ తిరిగి సమయం పోగొట్టుకోకండి.

## ఒక్క చూపులో

| సాయం | ఎప్పుడు అందుతుంది | దేనికి బాగుంటుంది | ఇంటి మార్పులకు | కీలకమైన కాగితం |
|---|---|---|---|---|
| ఊరి చందా, గ్రూపులు | రోజుల్లో | పరుపు, కుషన్, బాత్‌రూం | వాడుకోవచ్చు | లెక్క రాసిన పుస్తకం |
| రోటరీ, లయన్స్ | వారాల్లో | కమోడ్ కుర్చీ, వాకర్, చేయి | అరుదు | డిశ్చార్జ్ పత్రం, ఫోటోలు |
| జైపూర్ కాలు సంస్థ | గాయం మానాక, వెళ్ళిన రోజే | కృత్రిమ కాలు | లేదు | ఆధార్, వైద్య కాగితాలు |
| అలింకో క్యాంపు | నెలల్లో | ట్రైసైకిల్, చంక కర్రలు, కాలిపర్ | లేదు | 40 శాతం పత్రం, ఆదాయ పత్రం |
| రాష్ట్ర శాఖ, ఎంపీ నిధి | నోటిఫికేషన్‌ను బట్టి | స్కూటీ, బ్యాటరీ బండి | లేదు | యూడీఐడీ, అర్జీ నంబరు |
| బీమా, ఎక్స్‌గ్రేషియా | నెలల్లో | అప్పు తీర్చడం, ఇల్లు | వాడుకోవచ్చు | ఎఫ్‌ఐఆర్ లేదా పంచనామా |
| కోర్టు పరిహారం | ఏళ్ళలో | జీవితకాలపు ఖర్చు | వాడుకోవచ్చు | అన్ని బిల్లులు |

## ఇంటి మార్పులు: తక్కువ డబ్బుతో ఎక్కువ పని

పరికరాల పథకాల్లో ర్యాంపు లేదు, బాత్‌రూం లేదు. అందుకే ఇంటి పనిని అందరూ చివరికి నెడతారు. నేను ముందుకు తెమ్మంటాను. బండి లేకపోయినా మనిషి ఇంట్లో ఉండగలడు. మరుగుకు వెళ్ళలేకపోతే తిండి, నీళ్ళు తగ్గించేస్తాడు, ముఖ్యంగా ఆడవాళ్ళు. దానితో మూత్రపిండాల దాకా ముప్పు వస్తుంది.

ర్యాంపు లెక్క తేలిక. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రెండడుగుల అరుగున్న ఇంటికి ఇరవై నాలుగు అడుగులు కావాలి, వాకిట్లో అంత చోటు ఉండదు. మేస్త్రీలు ఆరడుగుల్లో నిటారుగా పోసేస్తారు. దాని మీద వెనుక ఒకరు తోసినా కష్టమే, వానలో ఇంకా ప్రమాదం. దానికి బదులు ఇంటి పక్కగోడ వెంట పోసి మూల దగ్గర తిప్పండి. లేదా మట్టి కొట్టించి వాకిలినే పైకి లేపండి. ఎత్తు తక్కువున్న వెనుక తలుపు ఉంటే అదే ముఖద్వారం చేసుకోండి. పైన నున్నటి తాండూరు బండ వేయించకండి, తడిస్తే జారుతుంది. సిమెంటు మీద చీపురు గీతలు గీయించితే చాలు.

తలుపు మూడడుగులు ఉండాలి. మన పాత బాత్‌రూంలకు రెండు, రెండున్నర అడుగులే ఉంటుంది, బండి పట్టదు. గోడ పగలగొట్టే ముందు తలుపు తీసేసి పరదా కట్టి చూడండి, తలుపు మందం, గొళ్ళెం పోయి ఒకటి రెండు అంగుళాలు దొరుకుతుంది. అదీ చాలకపోతే చక్రాలున్న కమోడ్ కుర్చీ వీల్‌చైర్ కంటే ఇరుకుగా ఉంటుంది, దానితో లోపలికి పోవచ్చు. గోడకు పట్టుకునే పైపు ప్లంబర్ బిగిస్తాడు, మనిషి బరువంతా వేసినా ఊడకుండా గోడలోకి దించమనండి. ఇంట్లో మరుగుదొడ్డే లేకపోతే స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహకం పంచాయతీ కార్యదర్శి ద్వారా అడగవచ్చు.

మంచం ఎత్తు వీల్‌చైర్ సీటు ఎత్తుతో సమానంగా ఉండాలి. అప్పుడే పక్కకు జరిగి ఎక్కగలరు. ఎత్తైతే మంచం కోళ్ళు కోయించాలి, పొట్టిదైతే వాటి కింద ఇటుకలు పెట్టాలి. నులక మంచం వద్దు, మధ్యలో కుంగిపోయి గాలి పరుపు పని చేయదు. చెక్క మంచం తీసుకోండి.

ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబానికి ఇది పెద్ద అవకాశం. ముగ్గు పోసే రోజే మేస్త్రీకి చెప్పాలి: బేస్‌మెంట్ తక్కువ ఎత్తు, అన్ని తలుపులు మూడడుగులు, బాత్‌రూం ఇంటిలోపలే, అందులో బండి తిరిగేందుకు ఐదడుగుల చోటు. అప్పుడు ఖర్చు దాదాపు పెరగదు. స్లాబు పడ్డాక మారిస్తే మళ్ళీ కూల్చడమే. ఇల్లు ఇంకా రాకపోతే, 2016 వికలాంగుల హక్కుల చట్టం అభివృద్ధి, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం వికలాంగులకు కేటాయించాలని చెబుతోంది. అర్జీలో ఆ మాట రాయండి.

## ఎవరికి ఏ వరుస

నడుము కింద స్పర్శ పోయినవాళ్ళకు: చందా డబ్బుతో ముందు పరుపు, కుషన్, బాత్‌రూం. తాత్కాలిక పత్రానికి వెంటనే దరఖాస్తు. క్యాంపులో వీల్‌చైర్ ఇస్తామంటే సరైన కొలతది వస్తేనే తీసుకోండి. క్లబ్బు మంచి వీల్‌చైర్ కొనిస్తే, అడిప్ అర్హతను ట్రైసైకిల్ కోసం దాచుకోండి. పొలం, దుకాణం దాకా పోవడానికి అది పనికొస్తుంది.

మోకాలి కింద కాలు పోయినవాళ్ళకు: మీకు బ్యాటరీ బండి తొందర లేదు. జైపూర్ కాలుతో నడక మొదలుపెట్టండి. పరిహారం వచ్చాక, ఉద్యోగానికి అవసరమైతే, ఖరీదైన కాలు కొనుక్కోవచ్చు. ముందే అప్పు చేసి లక్షల కాలు కొనడాన్ని నేను సమర్థించను. మొదటి ఏడాదిలో మిగిలిన కాలి ఆకారం మారుతూ ఉంటుంది, ఆ కాలు వదులైపోతుంది.

చదువుకునే పిల్లలకు: పెరిగే వయసు కాబట్టి ప్రతి ఏడాదీ కొలత చూపించాలి. స్కూల్లో ర్యాంపు, మరుగుదొడ్డి కావాలని ప్రధానోపాధ్యాయుడిని, మండల విద్యాధికారిని రాతపూర్వకంగా అడగండి.

వలస నుంచి తిరిగొచ్చిన కూలీకి: అక్కడి ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు తెప్పించడమే మొదటి పని. అవి లేకుండా ఇక్కడ ఏ తలుపూ తెరుచుకోదు. తోటి కూలీలతో సాక్ష్యం రాయించుకోండి, వాళ్ళు ఇంకో పనికి ఇంకో ఊరికి పోకముందే.

ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు: బ్యాటరీ బండి ఇస్తామన్నా ఆలోచించండి. చార్జింగ్ పెట్టేదెవరు, వానలో లోపల పెట్టేదెవరు? వాకర్, కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే పైపు, పక్కింటివాళ్ళకు వినిపించే బెల్లు వాళ్ళకు ఎక్కువ మేలు చేస్తాయి.

## అర్జీలో ఏం రాయాలి

దాతలకైనా కలెక్టర్‌కైనా ఒక పేజీ చాలు. మనిషి పేరు, వయసు, ఊరు, మండలం, ప్రమాదం తేదీ, ఏ భాగం పని చేయడం లేదు. ఆ తర్వాత కావాల్సిన వస్తువు ఒక్కటే, దాని కొలత, దుకాణం ఇచ్చిన కొటేషన్. "ఏదైనా సాయం చేయండి" అని రాస్తే ఏమీ రాదు. "పద్దెనిమిది అంగుళాల సీటు, చేతి ఆనుడు ఊడదీయగల వీల్‌చైర్, కుషన్‌తో సహా" అని రాస్తే అడిగిందే దొరికే అవకాశం పెరుగుతుంది. ఇంతకుముందు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో దాచకుండా రాయండి. పట్టణం చిన్నది, దాతలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

ఫోటోలో మనిషి మొహాన్ని, పుండ్లను చూపించాల్సిన పని లేదు. బాత్‌రూం మెట్లు, ఇరుకు తలుపు, కొలత టేపు పెట్టి తీయండి. డబ్బు ఇచ్చేవాళ్ళకు తెలియాల్సింది ఆ కొలతే. అన్ని కాగితాల జిరాక్సులు మూడు సెట్లు, ఒక ప్లాస్టిక్ కవర్లో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి.